గోలు కాడ శంకరప్ప కూతురు

మదనపల్లెలో ఒక కాలేజీ గ్రౌండులో మెహ్రీన్ పొద్దున ఆరింటికి పదిహేనుమంది ఆడపిల్లలకు ఫుట్‌బాల్ నేర్పిస్తుంది. పిల్లలు పదిహేనుమందే. కోచ్‌లు మాత్రం ముప్ఫైమంది. స్కూటర్లు వరసగా నిలిపి, కాంపౌండు గోడ వారన నిలబడి, అమ్మలూ నాన్నలూ ఎవరి పిల్లకు వాళ్లు సలహాలు చెబుతుంటారు. ఒకాయన పరిగెత్తమంటాడు. ఆయన పక్కనే ఆవిడ పరిగెత్తితే చెమట పట్టి జలుబు చేస్తుందని ఆగమంటుంది. ఆ పిల్ల ఇద్దరి మాటా కాదనలేక నడుస్తుంది.

మెహ్రీన్‌కు ఇరవై ఏడేళ్లు. పరుపులు కుట్టే ఫకీర్ సాహెబ్ కూతురు. రెండేళ్లు రాష్ట్ర జట్టుకు ఫార్వర్డ్‌గా ఆడి, ఇప్పుడు ఒక ప్రైవేటు స్కూల్లో పీఈటీగా చేస్తోంది. ఈ టీము ఆమె సొంతంగా మొదలుపెట్టింది. మొదలుపెట్టేటప్పుడు పిల్లల్ని వెతికి పట్టుకోవడమే కష్టం అనుకుంది. పిల్లలతో పాటు వాళ్ల ఇంటివాళ్లు కూడా వస్తారని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

జూన్‌లో ఒకరోజు ప్రాక్టీసు అయ్యాక శంకరప్ప వచ్చి ఒక కవరు ఇచ్చాడు. ఆయన గవర్నమెంటు ఆఫీసులో జూనియర్ అసిస్టెంటు. ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు. కూతురు శ్వేత ఎనిమిదో తరగతి, మెహ్రీన్ టీములో గోల్‌కీపర్. మెహ్రీన్ కవరు విప్పి చదివింది.

"శ్రీయుత కోచ్ గారి సముఖమునకు, జి. శంకరప్ప వ్రాసుకొను విన్నపము. విషయము: కుమారి శ్వేతను గోల్‌కీపర్ స్థానము నుండి ఫార్వర్డ్ స్థానమునకు బదిలీ చేయవలసినదిగా కోరుట గురించి. సూచిక: గత మంగళవారము గ్రౌండునందు తమతో జరిగిన సంభాషణ."

కింద రెండు పేజీల విషయం ఉంది. చివర్న, నకలు ఫైలుకు అని ఉంది.

"ఏంది సార్ ఇది? మొన్న నోటితో చెప్పినారు గదా," అంది మెహ్రీన్.

"నోటి మాటకు ఫైలుండదు మేడమ్. ముట్టినట్ల ఒక సంతకం పెట్టి తేదీ ఎయ్యండి."

ఆమె సంతకం పెట్టింది. పెట్టి, నచ్చచెప్పబోయింది. "శ్వేతకు చేతులు బలే వాటం సార్. బంతి యాడికి వస్తుందో ఆ పాపకు ముందే తెలిసిపోతాది. అట్లాంటి గోలీ నాకు ఇంకొకరు లేరు."

"నేను చెప్పేదీ అదే గదమ్మా. గోలీ అంటే ఏంది? అందురూ ఆడుకుంటా ఉంటే ఒక మూల నిలబడి, ఎవురూ లోపలికి రాకుండా సూసుకునేది. దాన్ని మా ఇంట్లో వాచ్‌మన్ పని అంటారు."

"ఇది ఉద్యోగం కాదు సార్, ఆట."

శంకరప్ప గోడవైపు చూస్తూ గొంతు తగ్గించాడు. "మా నాయన టమాటా మార్కెట్టు గేటు కాడ ఇరవై ఎనిమిదేండ్లు నిలబడినాడు మేడమ్. ఆయప్ప నిలబడినాడు కాబట్టి నేను కుర్చీలో కూర్చుండా. నేను కుర్చీలో కూర్చునింది, నా కూతురు మళ్లా పొయ్యి గేటు కాడ నిలబడేదానికా? రేపు పేపర్లో ఫోటో ఏస్తే గోలు కొట్టినోళ్లదే ఏస్తారు. ఆపినోళ్లది ఎవురేస్తారు?"

 మెహ్రీన్ ఫోటో రెండుసార్లు పేపర్లో పడింది. రెండూ గోలు కొట్టినప్పుడే.

జులైలో రెండో అర్జీ వచ్చింది, మొదటి అర్జీని సూచికగా చూపిస్తూ. మూడోది రిజిస్టర్డు పోస్టులో వచ్చింది. ఆయన ఇంటికీ మెహ్రీన్ ఇంటికీ మధ్య రెండు వీధులే. పోస్ట్‌మన్ సంతకం చేయించుకుని వెళ్లాక మెహ్రీన్ అమ్మ మైమూన్ బీ కవరు అటూ ఇటూ తిప్పి చూసి, "కోర్టు నోటీసా?" అని అడిగింది.

"గోలీ మార్చమని అమ్మా."

"మార్చి పారేయ్ మరి. పోస్టుకు కూడా ఖర్చు పెడతాండాడు పాపం."

మెహ్రీన్‌కు విసుగొచ్చింది. పుంగనూరులో ఒక స్నేహపు మ్యాచ్ ఉంది. కప్పు లేదు, ఏమీ లేదు. ఆ ఒక్క మ్యాచ్‌కు శ్వేతను ఫార్వర్డ్‌గా దించి చూద్దామనుకుంది. మరి గోలు దగ్గర ఎవరు? టీములో అందరికన్నా పొడుగు లాస్య. లాస్య వాళ్ల అమ్మ సుధారాణి లెక్కల టీచరు. ప్రతిరోజూ నోటుబుక్కు పట్టుకుని వస్తుంది, ఎవరికి బంతి ఎన్నిసార్లు అందిందో గీతలు గీసుకుంటుంది. ఆమె ఒప్పుకోదేమోనని మెహ్రీన్ భయపడుతూ అడిగింది.

సుధారాణి నోటుబుక్కు తిప్పి చూసింది. "నిన్న మా లాస్యకు పదకొండు సార్లు వచ్చింది మేడమ్. గోలు కాడ ఉండే శ్వేతకు పంతొమ్మిది సార్లు వచ్చింది. అంటే గోలీగా ఉంటేనే ఛాన్సు ఎక్కువ. నేను మొన్నే అడగాలనుకున్న్యా. పెట్టండి."

గోలీకి బంతి ఎక్కువసార్లు వస్తుందంటే అర్థం వేరే ఉందని మెహ్రీన్ చెప్పబోయి, ఆ మాట పుంగనూరే చెబుతుందిలే అని ఊరుకుంది.

పుంగనూరు బాగానే చెప్పింది. మొదటి సగంలో లాస్యకు బంతి తొమ్మిది సార్లు వచ్చింది. అందులో ఆరుసార్లు వల లోపలినుంచి తీసి ఇచ్చింది. బంతి వేగంగా వచ్చినప్పుడల్లా ఆ పిల్ల పక్కకు జరిగి దారి ఇచ్చింది, పెద్దవాళ్లు ఎదురొస్తే తప్పుకున్నట్టు. సుధారాణి తొమ్మిది గీతలూ గీసింది గానీ, వాటిని చూసి ఏమనుకోవాలో ఆమెకు తెలియలేదు.

అటుపక్క శ్వేత పుంగనూరు గోలు ముందు అటూ ఇటూ తిరుగుతూ ఉంది. ప్రతి రెండు నిమిషాలకూ వెనక్కి తిరిగి తమ గోలు వైపు చూసుకుంటోంది, స్టవ్వు మీద పాలు పెట్టి వచ్చినదానిలా. శంకరప్ప గీత దగ్గరే పరిగెత్తుతూ, "ముందర సూడు, ముందర సూడు," అని అరుస్తున్నాడు. పాప ముందరికి చూసింది. సరిగ్గా అప్పుడే కుడిపక్కనుంచి బంతి గాల్లో లేచి ఆమె మీదికే వచ్చింది. ఎదురుగా గోలు ఖాళీ. వాళ్ల గోలీ జారిపడి ఉంది. తల ఆనిస్తే చాలు, కాలు తగిలిస్తే చాలు.

శ్వేత ఒక్క ఎగురు ఎగిరి బంతిని రెండు చేతులతో అందంగా పట్టుకుంది. గుండెకు హత్తుకుంది. తర్వాత రెండడుగులు వేసి, దాన్ని గ్రౌండు మధ్యకు బలంగా తన్నింది.

రెఫరీ విజిల్ వేయడం కూడా మరచిపోయాడు. గ్రౌండంతా నిశ్శబ్దంగా ఉంది. ఆ నిశ్శబ్దంలో ఒక్కడు చప్పట్లు కొడుతున్నాడు. "పట్టింది సూడు మా పాప. ఎట్ల పట్టింది సూడు," అంటున్నాడు. అది శంకరప్పే. నాలుగు చప్పట్లు కొట్టాక, చుట్టూ అందరూ తననే చూస్తున్నారని ఆయనకు తెలిసింది. ఐదో చప్పట్టుకు ఎత్తిన చేతులను మెల్లగా కిందికి దించి, జేబులో పెన్నులు సర్దుకున్నాడు.

ఎనిమిది-సున్నాతో ఓడిపోయారు. తిరిగివచ్చే బస్సులో శ్వేత నాన్న పక్కన కిటికీ సీట్లో కూర్చుంది. వెనక సీట్లో మెహ్రీన్ ఉంది. పాప మెల్లగా అంది.

"నాయనా, ముందర ఆడితే నాకు భయమైతాది."

"యాలమ్మా?"

"అందురూ నా ఈపు ఎనకాల ఉంటారు. ఎవురు ఏం చేస్తాండారో తెల్దు. గోలు కాడ ఉంటే అందురూ నా ముందర ఉంటారు. అందురూ కనపడతారు."

 మదనపల్లె వచ్చేదాకా శంకరప్ప టికెట్టును మడతపెడుతూ విప్పుతూ ఉన్నాడు.

ఈ సంగతంతా ఇంట్లో ముసలాయనకు ఎలా తెలిసిందో తెలియదు. మూడోరోజు పొద్దున శంకరప్ప స్కూటరు వెనక గంగులప్ప కూడా గ్రౌండుకు వచ్చాడు. డెబ్బై ఐదేళ్ల మనిషి. చేతిలో కర్ర ఉంది గానీ దాన్ని ఆనుకోవడానికి కాక చూపించడానికే వాడతాడు. సున్నపు గీత దాటి, పిల్లల మధ్యనుంచి తిన్నగా మెహ్రీన్ దగ్గరికి నడిచి వచ్చాడు. శంకరప్ప మొహం పక్కకు తిప్పుకుని, నాలుగడుగుల వెనకాల వచ్చాడు.

"అమ్మా, నా పేరు గంగులప్ప. వీని నాయన. గేటు పని గురించి మావోడు మీకు ఏమేమో కాయితాలు రాసిచ్చినాడంట. వానికి గేటు పని తెల్దు. వాడు ఎప్పుడూ గేటు బయటనుంచే సూసినాడు."

"నాయనా, ఈడ వద్దు," అన్నాడు శంకరప్ప.

"నువ్వు ఉండప్పా." ముసలాయన కర్రను శ్వేత వైపు చూపించాడు. "నువ్వు బంతొచ్చేటప్పుడు ఏం సూస్తావు పాపా?"

"బంతిని తాతా."

"అదే తప్పు. మార్కెట్టులో సీజన్లో ఒకేతూరి నలభై లారీలు వస్తాయి. చీటీ సూపియ్యకుండా దూరిపొయ్యేదానికి సూస్తారు. డ్రైవరు ఈ పక్క సూసి నగుతాడు, ఆ పక్కనుంచి లాగిస్తాడు. హారన్ కొడతాడు, తిడతాడు. ఆయప్ప నోరు సూడద్దు, లారీని సూడద్దు. కాలు సూడు. కాలు యాడికి తిరిగితే బండి ఆడికే. నన్ను దాటుకోని ఒక్క లారీ పోలేదు. ఒకటి మాత్రం నా కాలి బొటనేలు మిందెక్కి పోయింది. అది నన్ను దాటినట్ల కాదు."

తర్వాత ఆయన కర్ర పక్కన పడేసి, చెప్పులు విడిచి, రెండు స్తంభాల మధ్య పంచె ఎగగట్టి నిలబడ్డాడు. ఒక్కొక్కర్నే వచ్చి తన్నమన్నాడు. పిల్లలు మెహ్రీన్ వైపు చూశారు. ఆమె సరేనన్నట్టు తలూపింది. ముసలాయన ఏ బంతినీ పట్టుకోలేదు, పట్టుకునే ప్రయత్నం కూడా చేయలేదు. తన్నకముందే ఎడమ అనో కుడి అనో చేత్తో చూపించాడు. పన్నెండు బంతుల్లో తొమ్మిది ఆయన చూపించిన పక్కకే పోయాయి. సుధారాణి గీతలు గీసుకుని, ఇది డెబ్బై ఐదు శాతం అని అందరికీ చెప్పింది.

మర్నాడు శంకరప్ప నాలుగో కవరు ఇచ్చాడు. ఒకటే వాక్యం. "పై సూచికలలో పేర్కొన్న మూడు అర్జీలను ఇందుమూలముగా ఉపసంహరించుకొనుచున్నాను." మెహ్రీన్ అడక్కుండానే సంతకం పెట్టి, తేదీ వేసి ఇచ్చింది.

ఆగస్టులో కుప్పంలో టోర్నమెంటు. శనివారం రెండు మ్యాచులు గెలిచి ఆదివారం ఫైనలుకు వచ్చారు. శ్వేత రెండు మ్యాచుల్లోనూ ఒక్క గోలు కూడా ఇవ్వలేదు. లాస్య మూడు గోల్స్ కొట్టింది. ఫైనలు రామకుప్పం పిల్లలతో, పొద్దున పదింటికి.

పది అయింది. పదిన్నర అయింది. రామకుప్పం టీము రాలేదు. వాళ్ల కోచ్ గోపాలస్వామి ఫోను చేసి, అడవి దారిలో ఏనుగులు అడ్డంగా ఉన్నాయని చెప్పాడు.

రెఫరీ మెహ్రీన్‌ను పిలిచి, రూలు ప్రకారం మీరు గెలిచినట్టు రాయించుకోవచ్చు అన్నాడు. ఆ మాట గీత అవతల నిలబడిన ఇళ్లవాళ్లకు వినపడింది.

"రాయించేయండి మేడమ్," అంది సుధారాణి. "టైమంటే టైమే. పరీక్ష హాల్లోకి అరగంట లేటుగా వస్తే రానిస్తామా?"

"ఏనుగులు వచ్చినాయని రుజువేముండాది?" అన్నాడు శంకరప్ప. "ఫారెస్టోళ్ల దగ్గర్నుంచి ఒక కాయితం తెచ్చినారా?"

"ఏనుగు యాడన్నా కాయితం ఇస్తాదా?" అన్నాడు గంగులప్ప.

మెహ్రీన్ రెఫరీతో ఎదురుచూస్తామని చెప్పింది. గీత అవతల గొణుగుడు మొదలైంది. ఆమె వాళ్ల దగ్గరికి వచ్చి నిలబడింది. పిల్లలతో మాట్లాడే గొంతుతోనే మాట్లాడింది. "మన పిల్లోళ్లు ఇన్ని నెలలు పొద్దున్నే లేసింది ఆడేదానికి. రాయించుకునేదానికి కాదు." తర్వాత సంచిలోంచి పెద్ద స్టీలు డబ్బా తీసింది. "ఇవి మా అమ్మ చేసిన చెనిక్కాయ ఉండలు. మ్యాచ్ మొదలైతానే మనిషికి ఒకటి. నోట్లో ఇది ఉన్నంతసేపూ ఎవురూ మాట్లాడకూడదు. అయిపోతే ఇంకోటి ఇస్తాను."

మైమూన్ బీ వేరుశెనగ ఉండలకు బెల్లం పాకం పట్టడంలో వీధిలో పేరున్న మనిషి. ఈసారి కూతురు చెప్పిందని పాకం ఇంకొంచెం ముదరనిచ్చింది. ఆ ఉండ కరగదు, నలగదు, ఉమ్మేయడానికి మనసు రాదు.

పదకొండుంబావుకు రామకుప్పం పిల్లలు టెంపోలో వచ్చారు. వాళ్లతో పాటు రెండు ట్రాక్టర్లలో ఊరు వచ్చింది. రాగానే తెలుగూ కన్నడమూ అరవమూ కలిపి కేకలు మొదలుపెట్టారు. ఇటుపక్క మదనపల్లె వాళ్లు ముప్ఫైమంది, దవడలు ఉబ్బించుకుని, ఒక్క మాట లేకుండా వరసగా నిలబడ్డారు. అది చూసి రామకుప్పం వాళ్లు కాసేపటికి తగ్గారు. ఇంత పద్ధతిగల ఊరివాళ్ల ముందు అరవడానికి వాళ్లకు సిగ్గేసింది.

మ్యాచ్ బాగా జరిగింది. రామకుప్పం ఫార్వర్డ్ హేమలత సన్నగా, గాలిపటంలా ఉంటుంది. ఎటు తిరుగుతుందో పట్టుకోలేరు. నాలుగుసార్లు ఒంటరిగా శ్వేత ముందుకు వచ్చింది. నాలుగుసార్లూ శ్వేత ఆమె కాళ్ల మీద చూపు పెట్టి ముందే కదిలింది. ఒకసారి లాస్య తన్నిన బంతి అవతలి గోలు స్తంభానికి తగిలి వెనక్కి వచ్చింది. సుధారాణి అరవబోయి, ఉండ అడ్డం పడి దగ్గింది. పక్కనున్న శంకరప్ప ఆమెకు నీళ్ల సీసా ఇచ్చాడు, కళ్లు గ్రౌండు మీదనుంచి తిప్పకుండానే.

సున్నా-సున్నాతో ముగిసింది. పెనాల్టీలకు పోయారు, జట్టుకు ఐదేసి.

శంకరప్ప చూడలేకపోయాడు. గ్రౌండుకు వీపు తిప్పి, రోడ్డు మీద పోతున్న గ్రానైటు లారీని చూస్తూ నిలబడ్డాడు. పక్కనున్న తండ్రి నోట్లో ఉండతో మాట్లాడలేడు కాబట్టి, శ్వేత ఆపినప్పుడల్లా కొడుకు వీపు మీద ఒక దెబ్బ వేశాడు. రెండు దెబ్బలు పడ్డాయి. కానీ ఇటు మదనపల్లె పిల్లలు కూడా రెండు పోగొట్టారు. నాలుగు తన్నులు అయ్యేసరికి రెండు-రెండు. ఐదోది లాస్య ఆకాశంలోకి తన్నింది. రామకుప్పం ఆఖరి తన్ను హేమలతది.

శ్వేత ఆమె కాలినే చూసింది. ఆ కాలు కుడికి తిరిగింది. శ్వేత కుడికే దూకింది. బంతి ఆమె వేళ్లకు తగిలింది, స్తంభానికి తగిలింది, ఒక్క క్షణం గీత మీద గుండ్రంగా తిరిగి, లోపలికి దొర్లింది.

ట్రాక్టర్ల మీదనుంచి ఊరంతా దిగి గ్రౌండులోకి వచ్చింది. వీపు మీద దెబ్బ పడకపోయేసరికి శంకరప్ప వెనక్కి తిరిగాడు. తిరిగినవాడు ఒక్కసారిగా గీత దాటి పరిగెత్తాడు. ఆయన నేరుగా రెఫరీ వైపే వస్తుండడం చూసి మెహ్రీన్ అడ్డం పోబోయింది. రెఫరీ రెండడుగులు వెనక్కి వేశాడు. శంకరప్ప ఆయన్ను దాటుకుని గోలు దాకా పోయి, నేల మీద కూర్చున్న కూతురి ముందు గొంతుక్కూర్చున్నాడు.  ఆమె గ్లవ్సు ఒక్కొక్కటే లాగి తీశాడు.

"యేళ్లు నొప్పి పుడతాండాయా?"

"తగిలింది నాయనా. నా చేతికి తగిలింది."

"సూడలేదమ్మా. నేను రోడ్డు పక్క సూస్తాండా." ఆయన వేళ్లు ఒక్కొక్కటీ వంచి చూశాడు. "ఇంగొకతూరి సూస్తాలే."

గోపాలస్వామి అక్కడికే వచ్చాడు. రామకుప్పంలో ఆయన కోచింగుతో పాటు రాగి పంట కూడా చేస్తాడు. పాప తల మీద చెయ్యి పెట్టి, "బంతి తన్నక ముందే పోతాండావే, ఎవురు నేర్పిచ్చినారు పాపా?" అని అడిగాడు.

శ్వేత జవాబు చెప్పేలోగా శంకరప్ప లేచి నిలబడ్డాడు. "మా నాయన సార్. ఆడ కర్ర పట్టుకోని ఉండాడే, ఆయప్ప. మదనపల్లె టమాటా మార్కెట్టులో వాచ్‌మన్ చేసినాడు. ఇరవై ఎనిమిదేండ్లు." చొక్కా మట్టయింది. దులుపుకోలేదు.

భోజనాలు అక్కడే షామియానా కింద పెట్టారు. సుధారాణి లాస్యను పక్కన కూర్చోబెట్టుకుని, ఆ పిల్ల ఏడుపు ఆగేదాకా ముద్దలు కలిపి పెట్టింది. మెహ్రీన్, గోపాలస్వామి ఒక బెంచీ మీద కూర్చుని పళ్లేలు ఒళ్లో పెట్టుకున్నారు.

"మీ పిల్లోళ్ల అమ్మానాయనలు బలే నెమ్మదస్తులమ్మా," అన్నాడాయన. "మా కాడ ఊరంతా కోచ్‌లే. మొన్న సర్పంచి వచ్చి, పోయిన ఎలక్షన్లో ఫలానాయన ఓటెయ్యలేదు, వాళ్ల పాపను బెంచీలో కూర్చోబెట్టు అన్న్యాడు. ఎట్ల దారికి తెచ్చినావు వీళ్లను?"

మెహ్రీన్ డబ్బా మూత తీసి ఒక ఉండ ఆయన చేతిలో పెట్టింది. గోపాలస్వామి కొరికి, కళ్లు పెద్దవి చేసి, ఇంకేమీ అడగలేకపోయాడు.

ఐదింటికి మదనపల్లె బస్సు. నాలుగున్నరకు పిల్లల్ని పోగు చేద్దామని మెహ్రీన్ లేచింది. రెండు టీముల పిల్లలూ షామియానా చివర గుంపుగా కూర్చుని ఉన్నారు. మధ్యలో హేమలత, పొద్దున ఏనుగులు టెంపోను ఎలా ఆపాయో చెబుతోంది. డ్రైవరు ఇంజను ఆపేసినాడంట, అందరూ సీట్ల కింద దూరినారంట, పెద్ద ఏనుగు తొండం కిటికీలోంచి లోపలికి పెట్టి, బంతులున్న వల సంచిని వాసన చూసిందంట.

"తర్వాత?" అని అడిగింది శ్వేత.

"ఒక బంతిని ఎత్తుకునింది. ఎత్తుకోని శానాసేపు అట్లే నిలబడింది."

శంకరప్ప గ్లవ్సు చేతిలో పట్టుకుని వాళ్ల వెనకాల నిలబడ్డాడు. ఆయన పక్కన సుధారాణి, ఆమె పక్కన మిగతావాళ్లు ఒక్కొక్కరే వచ్చి చేరారు. గంగులప్ప కర్ర నేలకు ఆనించి, పిల్లల మధ్యే చోటు చేసుకుని కూర్చున్నాడు. "ఏ కాలు ముందర పెట్టింది పాపా?" అని అడిగాడు.

మెహ్రీన్ విజిల్ నోటి దాకా తెచ్చి, ఊదలేదు. హేమలత కథ అయ్యేసరికి ఐదుంబావు అయింది. ఆ పిల్ల లేచి టెంపో ఎక్కింది. మెహ్రీన్ సంచి భుజాన వేసుకుని, పలమనేరు మీదుగా పోయే బస్సు ఇంకేదైనా ఉందేమో కనుక్కోవడానికి బస్టాండు వైపు నడిచింది.